"టోన్ బాగుంది, శైలి సరిపోలేదు": హార్న్ సోలో విని ఈ మాట ఎలా అంటారు?

రైన్‌ఒడ్డు రాశారు:

నమస్కారమండీ. పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్లు కూడా ఇక్కడ కొందరు ఉన్నారని చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను.

మాది రాజమండ్రి. పద్నాలుగేళ్లుగా జర్మనీలో, కొలోన్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయికి పదిహేడేళ్లు. తొమ్మిదో ఏట నుంచి ఫ్రెంచ్ హార్న్ వాయిస్తోంది. ఇక్కడ దాన్ని వాల్డ్‌హార్న్ అంటారు, అంటే అడవి కొమ్ము. పోయిన నెల ఒక యూత్ ఆర్కెస్ట్రాకి ఆడిషన్ ఇచ్చింది. ఆర్కెస్ట్రా రచనల్లోంచి మూడు సోలోలు అడిగారు: చైకోవ్‌స్కీ ఐదో సింఫనీ రెండో భాగంలోది, బ్రామ్స్ మొదటి సింఫనీ చివరి భాగంలోది, స్ట్రౌస్ 'టిల్ ఆయిలెన్‌ష్పీగెల్' మొదట్లోది. తెర అడ్డం కట్టారు, వాయించేది ఎవరో జడ్జీలకు కనపడదు. వారం తర్వాత ఒక కాగితం పంపారు. రెండే ముక్కలు: "టోన్ బాగుంది. శైలి సరిపోలేదు." ఎంపిక కాలేదు. రెండు రోజులు హార్న్ పెట్టె మూత తియ్యలేదు పిల్ల.

నా బాధ ఏమిటంటే, ఆ చైకోవ్‌స్కీ సోలో తను నేర్చుకున్నది పాత లెనిన్‌గ్రాడ్ రికార్డింగ్ విని. మ్రవిన్‌స్కీ కండక్ట్ చేసినది. అందులో హార్న్ సన్నగా వణుకుతుంది, అచ్చం మనిషి గొంతులాగా. మొదటిసారి విన్నప్పుడు ఏడ్చేసింది. అలాగే వాయించాలని ఆరు నెలలు సాధన చేసింది. రష్యా వాళ్ల పాటని రష్యా వాళ్లు వాయించినట్టే వాయిస్తే శైలి తప్పు ఎలా అవుతుంది?

నేను కూడా కూర్చుని మూడు రికార్డింగులు విన్నాను. ఈ లెనిన్‌గ్రాడ్‌ది, వియన్నా ఫిల్హార్మోనిక్‌ది, బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ది. మూడూ వేరని తెలుస్తోంది. కానీ ఏది ఎందుకు మంచిదో నోటితో చెప్పలేకపోతున్నాను. మా అమ్మ వీణ వాయించేది, ఆ చెవి ఒక్కటే నాకున్నది. అసలు హార్న్ సోలో వినేటప్పుడు దేన్ని పట్టుకోవాలి? పిల్లతో ఏదైనా మాట్లాడాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా.

వాల్తేరు_గాలి రాశారు:

ఆడిషన్ అంటే ఆ రోజు ఆ నలుగురి చెవి అండీ, అంతకు మించి ఆలోచించొద్దు. మావాడు ట్రంపెట్‌తో మూడుసార్లు వెళ్లి నాలుగోసారి ఎంపికయ్యాడు. పాపకి ధైర్యం చెప్పండి.

కమాను రాశారు:

హార్న్ గురించి నాకు తెలిసింది తక్కువ. వయొలిన్ వాయిస్తాను, మన పద్ధతిలో. కానీ మీ ప్రశ్నలో బాణీ అనే విషయం ఉంది కాబట్టి ఒక మాట.

షేక్ చిన్న మౌలానా గారు మన ప్రకాశం జిల్లా కరవది మనిషి. నాదస్వరం ఇంటి విద్యే. అయినా తంజావూరు బాణీ కావాలనుకుని, అక్కడి విద్వాంసుల దగ్గర కూర్చుని నేర్చుకుని, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. బాణీ అంటే పైన కనపడే ఒక్క సొగసు కాదు. ఎక్కడ ఆగుతారు, ఎక్కడ ఊపిరి తీస్తారు, ఏ స్వరాన్ని ఊరికే వదిలేస్తారు, అన్నీ కలిస్తేనే బాణీ. రికార్డు వింటే మొదట చెవికి తగిలేది కంపితం, అంటే ఆ వణుకు. పిల్లలు ముందు దాన్నే పట్టుకుంటారు. మీ పాప అలా పట్టుకుందని నేననడం లేదు, వినకుండా అనలేను. ఒకసారి ఆ కోణంలో వినండి.

నాలుగో_కుర్చీ రాశారు:

రైన్‌ఒడ్డు గారూ, మీ పోస్టు నిన్న రాత్రి చదివాను. పొద్దున లేచేసరికి కూడా అదే మనసులో ఉంది. మాది గుంటూరు. ఇరవై ఒక్క సంవత్సరాలుగా వియన్నాలో ఉంటున్నాను. ఉద్యోగం వేరే, కానీ పదిహేనేళ్లుగా ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో నాలుగో హార్న్ నాది. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పిల్ల ఏడ్చిన ఆ రికార్డింగ్ గురించి. 1960 నవంబరులో లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్ పర్యటన మీద వచ్చినప్పుడు మా ఊళ్లోనే, మ్యుజిక్‌ఫెరైన్ హాల్లో రికార్డు చేశారు. వియన్నా ఫిల్హార్మోనిక్ కచేరీలు చేసే హాలు అదే. గోడలు అవే, పైకప్పు అదే, హార్న్ మాత్రం మరో లోకంలోంచి వచ్చినట్టుంటుంది. ఆ రోజుల్లో లెనిన్‌గ్రాడ్‌లో ఫస్ట్ హార్న్, అంటే హార్న్ వరసలో ముందుండి సోలోలు వాయించే మనిషి, విటాలి బుయనోవ్‌స్కీ. మీరు మూడు రికార్డింగులు విన్నారు కదా, ఈసారి లెనిన్‌గ్రాడ్‌దీ వియన్నాదీ ఒకదాని వెంట ఒకటి పెట్టి వినండి. తేడాని హాలు మీదికి తోసేయలేం. అది మనుషులది, వాళ్ల పెంపకంది.

వాద్యం తేడా కొంత ఉందనుకోండి. వియన్నా ఫిల్హార్మోనిక్ వాళ్లు ఇప్పటికీ వాయించేది వియన్నా హార్న్, సింగిల్ ఎఫ్, అంటే ఎఫ్ శ్రుతి గొట్టం ఒక్కటే. గొట్టం విప్పితే సుమారు 3.7 మీటర్లు. మీ అమ్మాయిది రెండు గొట్టాల డబుల్ హార్న్ అయ్యుంటుంది, బొటనవేలి మీట నొక్కితే గాలి సుమారు 2.75 మీటర్ల బి ఫ్లాట్ గొట్టంలోకి మళ్లుతుంది. పొడుగు గొట్టంలో పై స్థాయి స్వరాలు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. పెదవి వెంట్రుకవాసి తప్పినా పక్క స్వరం పలుకుతుంది. అంత ప్రమాదం పెట్టుకుని కూడా వీళ్లు దాన్ని వదలరు. ఎందుకంటే దాని పంపు వాల్వులతో (గాలి దారి మార్చే మీటలు) ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్తుంటే కోసినట్టు ఉండదు, మెత్తగా ఒకదాంట్లోంచి ఒకటి వస్తుంది. మెల్లగా వాయిస్తే మబ్బులా ఉంటుంది, గట్టిగా వాయిస్తే ఇత్తడి మెరుపు వస్తుంది. పైగా వీళ్లు వణికించరు, స్వరం నిటారుగా నిలబడుతుంది. ఫ్రాన్స్ వాళ్లు ఒకప్పుడు సన్న గొట్టం పిస్టన్ హార్న్‌తో, వైబ్రాటోతో, అంటే స్వరాన్ని వణికిస్తూ వాయించేవారు. అక్కడి హార్న్ విద్వాంసుడు ల్యూసియాఁ తెవే వాయించినవి ఏవైనా దొరికితే పిల్లకి వినిపించండి. రావెల్ 'పవాన్' మొదట్లో వచ్చే హార్న్ సోలో ఆ గొంతు కోసమే పుట్టిందనిపిస్తుంది నాకు. తర్వాత అక్కడ కూడా జర్మన్ తరహా హార్న్‌లు వచ్చేశాయి, ఆ గొంతు దాదాపు పోయింది. నాకు అది నిజంగా బాధ.

అలాగని అంతా వాద్యంలోనే ఉందనుకోకండి. ఇంగ్లండ్‌లో డెనిస్ బ్రెయిన్ అని ఒక మహానుభావుడు. 1957లో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి 36 ఏళ్లు. మొదట సన్న ఫ్రెంచ్ పిస్టన్ హార్న్ వాయించేవాడు, 1951లో జర్మన్ అలెగ్జాండర్ హార్న్‌కి మారాడు. ఆ రెండు కాలాల రికార్డింగులూ వినండి. రంగు మారింది, మనిషి మారలేదు. వాక్యం ఎలా మొదలుపెడతాడో, ఎలా దించుతాడో, అది అలాగే ఉంటుంది.

ఇంక మీ అసలు ప్రశ్న, దేన్ని పట్టుకుని వినాలి అని. నా అనుభవం ఒకటి చెప్తాను.

బీతోవెన్ తొమ్మిదో సింఫనీ నెమ్మది భాగంలో ఒక పెద్ద సోలో ఉంది. ఫస్ట్ హార్న్‌కి కాదు, నాలుగో హార్న్‌కి. వాల్వులు లేని హార్న్ కోసం 1824 నాటికి రాసినది. కొన్ని స్వరాలు హార్న్ గంటలో, అంటే వెడల్పుగా విచ్చుకునే చివరలో, పెట్టిన కుడిచేత్తో మూసి తెచ్చుకోవాల్సి వచ్చేది. మధ్యలో ఒక ఆరోహణ ఒంటరిగా వస్తుంది. మేం అది వేసినప్పుడు ఆ స్వరాలన్నీ ముత్యాల్లా ఒకే సైజులో రావాలని నాలుగు నెలలు కష్టపడ్డాను. రిహార్సల్ రోజు ఒక స్నేహితురాలిని హాల్లో చివరి వరసలో కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయించాను. ఇంటికొచ్చి విన్నాను. కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు మందంగా, మూగగా అనిపించిన టోన్ అక్కడ వెచ్చగా, గుండ్రంగా వినిపించింది. హార్న్ గంట వెనక్కి తిరిగి ఉంటుంది కదా, గోడకి తగిలి వచ్చేదే జనం వినేది. వాయించేవాళ్లు వినేది వేరు. కానీ ఇంకోటి కూడా వినిపించింది. ప్రతి స్వరం ముందూ నా నాలుక. తు, తు, తు, తు. కుర్చీలో ఉండగా ఒక్కసారి కూడా గమనించలేదు. ముత్యాలు వచ్చాయి, దారం లేదు. ఎవరైనా నాకు కాగితం రాసిస్తే అచ్చం మీ అమ్మాయికి రాసిందే రాసేవారు.

అప్పటి నుంచి ఏ హార్న్ సోలో విన్నా నేను స్వరం మధ్యభాగాన్ని చివర్లో వింటాను. మధ్యభాగం చాలామందికి బాగానే ఉంటుంది, అందరూ టోన్ అనేది దాన్నే. ముందు స్వరం ఎలా పుట్టింది? గాలితో పుట్టిందా, నాలుక దెబ్బతో పుట్టిందా, ఏమీ లేనిచోట నుంచి మెల్లగా వచ్చిందా? తర్వాత ఒక స్వరం నుంచి ఇంకోదానికి వెళ్తున్నప్పుడు మధ్యలో ఏముంది? గాలి ఆగకుండా వెళ్లిందా, మెట్టు మెట్టుకీ ఆగిందా? చివరికి ఎలా వదిలారు? తలుపు వేసినట్టా, దీపం తగ్గించినట్టా? ఈ మూడుచోట్లే మనిషి బయటపడతాడు. నోటు పగిలిందా, అంటే స్వరం తప్పి చీలిందా లేదా అన్నది మాత్రం పట్టించుకోకండి. హార్న్ అన్నాక మహామహులకీ పగులుతుంది. పగుళ్లు లెక్కపెట్టుకుంటూ వింటే పాట వినం.

అయితే ఏ పుట్టుక సరైనది అన్నది ఆ రచనని బట్టి ఉంటుంది. శైలి అనే మాట అక్కడ వస్తుంది. మీ అమ్మాయికి ఇచ్చిన మూడింటినీ చూడండి. బ్రామ్స్‌ది స్విట్జర్లాండ్ కొండల్లో ఊదే ఆల్ప్‌హార్న్ పిలుపు. 1868లో తన స్నేహితురాలు క్లారా షూమన్ పుట్టినరోజుకి ఆ స్వరాలే రాసి, కింద "ఎత్తైన కొండ మీద నుంచి, లోతైన లోయ నుంచి నీకు వేనవేల దండాలు" అనే అర్థం వచ్చే మాటలు పెట్టి పంపాడు. సింఫనీలోకి అది 1876కి చేరింది. కింద వయొలిన్లు సన్నగా వణుకుతుంటాయి, హార్న్‌కి మాత్రం గట్టిగా, ఆవేశంతో అని రాశాడు. అది పొలికేక. అవతలి కొండ మీదున్న మనిషికి వినపడాలి. టిల్‌ది దానికి పూర్తిగా వేరు, అల్లరి పిల్లాడి పరిచయం. ఆరు లెక్కల తాళంలో ఏడు చిన్న స్వరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తూ తాళం మీద జారిపోతూ ఉంటుంది. వినేవాళ్లకి సమం ఎక్కడుందో తెలియకూడదు, వాయించేవాళ్లకి మాత్రం కచ్చితంగా తెలియాలి. అక్కడ గుండ్రటి తియ్యటి టోన్ పెడితే వాడు అల్లరివాడు కాదు, పెళ్లికొడుకు అయిపోతాడు. చైకోవ్‌స్కీది పక్కన కూర్చుని చెప్పే మాట. మధురంగా, ఎంతో భావంతో అని రాశాడు. ఆ భాగం పేరులోనే కొంత స్వేచ్ఛతో అని ఉంది. ఆ స్వేచ్ఛ ముఖ్యంగా నడకది. కాస్త ముందుకి, కాస్త ఆపి అని చాలాచోట్ల గుర్తులున్నాయి.

నా అనుమానం, అనుమానమే సుమా, మీ అమ్మాయి మూడింటికీ ఒకటే అందమైన గొంతు వాడింది. జోలపాట గొంతుతో పొలికేక పెట్టింది. తప్పైతే మన్నించండి. రికార్డింగ్ ఉంటే నాకు మెసేజ్‌లో పంపండి, పిల్ల ఒప్పుకుంటేనే.

రైన్‌ఒడ్డు రాశారు:

అక్కా (అనొచ్చా?), ఇంత రాసినందుకు చేతులెత్తి దండం. మీ పోస్టు ప్రింటు తీసి పిల్లకి ఇచ్చాను. "తు తు తు" దగ్గర తలెత్తి నా వైపు చూసింది. తనే క్లిప్ పంపమంది. ఇంట్లో, ఆడిషన్ ముందు రోజు తీసింది. చైకోవ్‌స్కీ మాత్రమే ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. జర్మనీలో వైబ్రాటో వాడకూడదనే రూలేమైనా ఉందా?

నాలుగో_కుర్చీ రాశారు:

అక్కా అనండి తమ్ముడూ, సంతోషం.

రూలు ఏమీ లేదు, అలవాటు ఉంది. అలవాటు లేనిది వినగానే చెవి ముందు దానివైపే పోతుంది, అందువల్ల అది నూటికి నూరు పాళ్లూ కుదరాలి. నాకు మాత్రం ఆ రష్యన్ బాణీ అంటే ప్రాణం. అది తగ్గిపోతున్నందుకు బాధపడేవాళ్లలో నేనొకదాన్ని. కాబట్టి మీ పిల్లని అది మానేయమని నేను చచ్చినా అనను.

క్లిప్ ఏడుసార్లు విన్నాను. ముందు మంచి: మొదటి స్వరం పుట్టుక. తీగవాద్యాల చీకట్లోంచి రావాల్సిన స్వరం అది. పిల్ల దాన్ని నాలుక లేకుండా, గాలితోనే తెచ్చింది. పదిహేడేళ్లకి అది రావడం మామూలు విషయం కాదు, అది చెప్పండి తనకి.

ఇప్పుడు, 22వ సెకను దగ్గర వినండి. మూడేసి చిన్న స్వరాలు వస్తాయి కదా, ఒక్కొక్కటీ వణుకుతోంది. తాళం పన్నెండు చిన్న లెక్కలది, మూడు మూడుగా ఊగాలి, ఉయ్యాలలాగా. ప్రతి చిన్న స్వరం వణికేసరికి ఊయల ఆగిపోయింది. లెనిన్‌గ్రాడ్‌ది మళ్లీ వినండి. నా చెవికి వైబ్రాటో పొడుగు స్వరాల మీదే తెలుస్తుంది. చిన్నవి వాటి దగ్గరికి నడిచి వెళ్తాయంతే. కమాను గారు అన్నది ఇక్కడ సరిగ్గా సరిపోయింది.

ఇంకోటి, వణికినప్పుడు శ్రుతి కొంచెం కిందికి జారుతోంది. దవడ కదులుతోందేమో టీచర్‌ని చూడమనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది 41వ సెకను. మొదట రెండు చిన్న మాటలు, తర్వాత పైకి సాగే పొడుగు వాక్యం. ఆ పొడుగుదాని మధ్యలో ఊపిరి తీసింది. ఊపిరి పట్టే శక్తి లేక కాదు, వైబ్రాటోకి గాలి ఖర్చయిపోయి. "నేను నిన్ను" అని ఆగి, ఊపిరి పీల్చి, "మర్చిపోలేను" అన్నట్టుంది. జడ్జీలు శైలి అన్నది దీన్నే అని నా నమ్మకం. ఆ మాట కాస్త విడమరిచి రాసుంటే పిల్ల రెండు రోజులు పెట్టె మూసుకుని కూర్చునేది కాదు, ఆ విషయంలో నాకూ కోపమే.

చేయాల్సింది ఒకటి. హార్న్ పక్కన పెట్టి పాడమనండి. నోటితో, గదిలో తలుపు వేసుకుని. పాడేటప్పుడు ఎవరూ ఆ చోట ఊపిరి తీయరు.

కమాను రాశారు:

క్లిప్ నేను వినలేదు కానీ ఈ పాడటం మాట నిజం. మా గురువుగారు కీర్తన పూర్తిగా పాడి వినిపిస్తే తప్ప వయొలిన్ ముట్టుకోనిచ్చేవారు కాదు.

రైన్‌ఒడ్డు రాశారు:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మొదటి మూడు రోజులు పాడటానికే సిగ్గుపడింది. నాలుగో రోజు తలుపు వెనక నుంచి కూనిరాగం వినిపించింది. ఆ తర్వాత నోట్స్ కాగితం మీద పాత ఊపిరి గుర్తు రబ్బరుతో చెరిపి, ఇంకో చోట పెన్సిల్‌తో పెట్టుకుంది. వారమంతా వైబ్రాటో పూర్తిగా తీసేసి వాయించింది. నాకు బోసిగా అనిపించింది, కానీ ఏమీ అనలేదు.

నిన్న రాత్రి నేను వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను. పొడుగు వాక్యం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. పైన ఆ పెద్ద స్వరం దగ్గరకి వచ్చాక కొంచెంసేపు నిటారుగా నిలబడి, అప్పుడు సన్నగా కదిలింది. ఒక్క స్వరం. పొయ్యి కట్టేసి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. నాకు అప్పటికి మాటలు రాలేదు. "నాన్నా, ఇప్పుడు వినిపించిందా?" అంది. వినిపించిందమ్మా అన్నాను.

ఫిబ్రవరిలో ఇంకో ఆడిషన్ ఉంది అక్కా. బ్రామ్స్ క్లిప్ కూడా పంపమంటారా?

నాలుగో_కుర్చీ రాశారు:

తప్పకుండా పంపండి. కానీ ఒంటరిగా వాయించింది వద్దు. ఆ పిలుపుని బ్రామ్స్ ఇద్దరికి రాశాడు. ఫస్ట్ హార్న్ ఊపిరి తీసుకునేచోట సెకండ్ హార్న్ అదే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది, వినేవాళ్లకి ఎక్కడా తెగినట్టు తెలియకూడదని. వాళ్ల ఆర్కెస్ట్రా క్లాసులో ఇంకో హార్న్ పిల్ల ఎవరో ఉండే ఉంటారు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి. ఫోన్ మాత్రం గదిలో పెట్టొద్దు, వరండా చివర పెట్టండి.